పెద్ద గంజు

7 నవంబర్ 2024, గురువారం

భాగ్యశ్రీ మేడం క్లాసులో అందరికీ తలా ఒక నోటుపుస్తకం ఇచ్చింది. రోజూ ఏం తిన్నాం, ఎంతసేపు నడిచాం, చెయ్యి ఎంతవరకు లేచింది అందులో రాయాలట. రాస్తాను. ఇది మాత్రం వేరే పుస్తకం. సుందర్ చదువుకునే రోజుల్లో సగం రాసి వదిలేసిన లెక్కల నోటు. వెనక పేజీల నుంచి మొదలుపెట్టాను. మా ఇంట్లో పాత లెక్కల నోటు ఎవరూ తెరవరు.

కామారెడ్డిలో దవాఖాన వెనక ఒక గది. చాపలు, ఇసుక నింపిన నీళ్ల సీసాలు, తలుపుకు కట్టిన తాడు. కేన్సర్ మందులు అయిపోయినవాళ్లు, ఇంకా నడుస్తున్నవాళ్లు అందరం గురువారం గురువారం అక్కడికి వెళ్తాం. వ్యాయామం చేయిస్తారు, ఏం తినాలో చెబుతారు. నాది ఎడమ రొమ్ము. హైదరాబాదులో తీసేశారు. మందు ఎక్కించారు, రేడియేషన్ అని కరెంటు పెట్టారు. వానాకాలం నాట్లప్పుడు ఇంటికి వచ్చాను. జుట్టు మళ్లీ వచ్చింది గానీ దువ్వుకోవడానికి చెయ్యి లేవడం లేదు.

మళ్లీ ఏ పని చేయాలని ఉందో ఒక్కొక్కరినీ చెప్పమంది మేడం. ఒకాయన బండి నడపాలన్నాడు. నేను పెద్ద గంజు దించాలన్నాను. ఇంటిల్లిపాదికీ అన్నం వండే గంజు. పొయ్యి మీద నుంచి దించి, గంజి వంచి, అందరికీ వడ్డించాలి. పాపకు నా చేత్తో ముద్ద పెట్టాలి. పాప అంటే సుందర్ కూతురు. నేను హైదరాబాదులో మంచం మీద ఉన్నప్పుడు పుట్టింది.

పక్కన కూర్చున్న మరియను అడిగితే, "నాకైతే ఏ పని చెయ్యబుద్ధి గాదు మేడం. ఊకె కూసోబుద్ధైతది. కూసుంటె ఎవలు పెడ్తరో గదొక్కటి మీరే చెప్పాలె" అంది. గదంతా నవ్వింది.

మరియది ఎల్లారెడ్డే. కూలి పనికి పోయేది. భర్త జాన్ ఆటో నడుపుతాడు. ఆమెకూ నా రోగమే, కుడివైపు. మా ఊరి నుంచి ఎల్లారెడ్డి దాకా నేను ఆటోలో పోతే, అక్కడి నుంచి ఇద్దరం ఒకే బస్సు. క్లాసు అయ్యాక ఆమె పల్లీల లడ్డూలు పంచింది. బెల్లం, పల్లీలు బలమని మేడమే చెప్పింది. నాకు కడుపు బాగాలేదు. ఇంటికి పోయి తింటానని కొంగున కట్టుకున్నాను.

బస్టాండులో ఒక గోధుమరంగు కుక్క కాళ్ల చుట్టూ తిరిగింది. దానికి వేశాను.

8 నవంబర్

రాత్రి అన్నాల దగ్గర చెప్పాను, సోమవారం నుంచి వంట నేను చేస్తానని. మా అత్త కమలవ్వ, "ఇగ కొన్నొద్దులు పండుకో రాదా. గుడ్డు తినొద్దు, వంకాయ తినొద్దు, పత్తెం ఉండాలె. నీ మేడం గుడ్లు తినుమంటదాయె, పొయ్యి కాడ నిలవడుమంటదాయె" అంది.

ప్రణీతే నా వైపు మాట్లాడింది. "వండనియ్యి అవ్వా. అత్తమ్మ చేతి వంట తినక ఎన్నొద్దులైంది. వండు అత్తమ్మా, మేం తింటం" అంది.

కోడలు ఇట్లాంటిది దొరకడం అదృష్టం.

11 నవంబర్

చిన్న గంజుతో మొదలుపెట్టాను. అన్నం, పెసరపప్పు, కోడిగుడ్డు పులుసు. ఎడమ చేతికి కాలిన గాయం, తెగిన గాయం కాకూడదని మేడం చెప్పింది. మోచేతి దాకా పాత సాక్సు తొడుక్కుని వండాను. గంజి వంచడానికి మా ఆయన సాయం పట్టాడు.

పాపకు పాలు కాచుకోవడానికి మేడమీద గదిలో చిన్న స్టవ్ పెట్టించుకుంది ప్రణీత. మాటిమాటికీ మెట్లు దిగి రావడం కష్టమే మరి.

గిన్నెలన్నీ ఊడ్చినట్టు ఖాళీ అయ్యాయి.

12 నవంబర్

వంటగది గోడ మీద బొగ్గుతో గీత గీశాను. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో పాకిస్తూ చెయ్యి పైకి తీసుకుపోవాలి. ఎక్కడ ఆగితే అక్కడ గీత. అది నా గడ్డం దగ్గర ఉంది.

17 నవంబర్, ఆదివారం

పాపకు ముద్ద కలిపాను. ఇప్పుడే తిన్నదని ప్రణీత ఎత్తుకుపోయింది. సాయంత్రం కలిపితే నిద్రపోయింది. పిల్లలంతే.

21 నవంబర్, గురువారం

మరియ చెయ్యి ఇంకా భుజం దగ్గరే ఉంది. "నీ చెయ్యి గోడలెక్కుతుంది అక్కా. నాది ఇంక కిందనే బిచ్చమడుక్కుంటుంది" అంది. ఈసారి నువ్వుల లడ్డూలు తెచ్చింది. నాకు మళ్లీ కడుపులో బాగాలేదు.

28 నవంబర్, గురువారం

ఇంట్లోవాళ్లను ఒక్కసారైనా క్లాసుకు తీసుకురమ్మని మేడం ఎప్పటి నుంచో అంటోంది. ఆయనకు వడ్ల కాంటా దగ్గర పని. ప్రణీత వచ్చింది. బస్సులో నిలబడే వచ్చింది పాపం, ఆడవాళ్లకు జీరో టికెట్ వచ్చినప్పటి నుంచి బస్సులో సీటు ఎక్కడిది.

వచ్చిన ఇంటివాళ్లందరినీ మేడం అడిగింది. "ఈ రోగం ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుందా?" అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ప్రణీత లేచి నిలబడింది. "అంటుకోదు మేడం. ఒక్క కంచంల తిన్నా అంటుకోదు. బీఎస్సీల చదువుకున్న" అంది. మేడం అందరి చేత చప్పట్లు కొట్టించింది. మరియ నా మోచేతిని పొడిచి, "కోడల్ని ఏడికెల్లి కొట్టుకొచ్చినవ్ అక్కా" అంది.

తిరిగి వస్తుంటే ప్రణీత భుజం మీద తల పెట్టి నిద్రపోయాను.

5 డిసెంబర్, గురువారం

మెట్లు ఎక్కి దిగమంది మేడం. కాళ్లకు బలం, గుండెకు మంచిదట. ఇంట్లో చెప్పగానే ఆయన ఒప్పుకోలేదు. "తల తిరిగి పడ్డవనుకో, మళ్ల హైదరాబాదేనా? నడువు. కెనాల్ కట్ట దాక నడువు. మెట్లు మాత్రం ఎక్కకు" అన్నాడు. నా గురించి ఇంత భయం ఆయనకు ఎప్పుడూ లేదు.

కట్ట మీద నడుస్తున్నాను. పొద్దున ఒకసారి, చీకటి పడకముందు ఒకసారి. తిరిగి వచ్చేసరికి ఎవరో ఒకరు తినేసి ఉంటారు. ఆగమంటే ఆగరు, ఆకలయిందంటారు.

9 డిసెంబర్

ఈరోజు ఆయన నాతోపాటు కూర్చున్నాడు. అన్నం కలిపాడు. ఫోను వచ్చింది. కంచం పట్టుకుని కొట్టం వైపు పోయి మాట్లాడుతూనే తిని వచ్చాడు. సిగ్నల్ అక్కడ బాగా వస్తుందట.

గీత నా ముక్కు దాటింది.

13 డిసెంబర్

సుందర్ కామారెడ్డికి డ్యూటీకి పోయేటప్పుడు బాక్సు కట్టిస్తున్నాను. రాత్రి ఖాళీ బాక్సు కడిగి మరీ తెస్తున్నాడు. చిన్నప్పుడు ఎంత మొత్తుకున్నా కంచం కూడా తీయని పిల్లాడు. తల్లి మంచాన పడితే గానీ కొడుకులకు బుద్ధి రాదేమో.

18 డిసెంబర్

బర్రె నిగనిగలాడుతోంది. పాలు కూడా పెరిగాయి. మా అత్త చెంబు ఎత్తి చూపించింది. కుడితి ఇప్పుడు ప్రణీతే పట్టుకుపోతోంది. కొత్తలో పేడ వాసనకు ముక్కు మూసుకునేది. పనిలోకి దిగింది పిల్ల.

19 డిసెంబర్, గురువారం

బస్టాండులో ఆ గోధుమరంగు కుక్క మమ్మల్ని దూరం నుంచే చూసి ఉరికి వచ్చింది. మరియ నవ్వింది. "గిదేందక్కా, మనల్ని జూసి సుట్టాలొచ్చినట్టు ఉరికొస్తది" అంది. నేను రోడ్డు వైపు చూశాను. బస్సు వచ్చింది.

26 డిసెంబర్, గురువారం

నిన్న క్రిస్మస్‌కు మరియ ఇంటికి రమ్మంది. పని ఉందని చెప్పాను. వాళ్ల వాడలో మా కులంవాళ్లు ఎవరూ తినరు. ఈరోజు పండుగకు వండిన గరిజెలు తెచ్చింది, నా ఒక్కదానికే, న్యూస్ పేపర్లో చుట్టి. పేపరంతా నూనె. "కొబ్బరి ఎక్కువేసిన, నీకు ఇష్టమని చెప్పినవ్ కదా" అంది. ఎప్పుడు చెప్పానో నాకు గుర్తులేదు.

తీసుకున్నాను. ఇంటిదాకా తెచ్చాను. తినలేదు.

3 జనవరి 2025

పాప ఈరోజు నా దగ్గరికి నడిచి వచ్చింది. నా కంచంలో చెయ్యి పెట్టింది. మెతుకులు నోటి దాకా పోలేదు, ప్రణీత వచ్చి చెయ్యి పట్టుకుని నీళ్లతో కడిగేసింది. "మట్టిల ఆడింది అత్తమ్మా, చేతులు గలీజున్నయ్" అంది.

చేతులు శుభ్రంగానే ఉన్నాయనిపించింది. నాకు కళ్లు సరిగా ఆనడం లేదేమో. మందు ఎక్కించినప్పటి నుంచి అట్లాగే ఉంది.

9 జనవరి, గురువారం

మేడం గంజు ఎత్తడం నేర్పింది. ఇసుక నింపిన డబ్బాతో. మోకాళ్లు వంచి, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకుని, ఊపిరి వదులుతూ లేవాలి. చేతులతో కాదు, కాళ్లతో ఎత్తాలి. మొదటిసారే ఎత్తాను. మరియ చాప మీద కూర్చుని, "ఇగ నీ మొగడు జాగర్తగుండాలె" అంది.

16 జనవరి, గురువారం

గీత నెత్తి మీదికి పోయింది.

22 జనవరి, బుధవారం

యాసంగి నాట్లు. ముత్తవ్వ ముఠా వచ్చింది. పొలం ఉన్నప్పటి నుంచి నాటు రోజు కూలీలకు అన్నం మా ఇంటిదే. పోయినేడు నేను లేను, హోటల్ నుంచి తెప్పించారు. ఈసారి నేను వండుతానన్నాను. ఆయన "ఎందుకు తిప్పలు" అన్నాడు గానీ గట్టిగా అనలేదు.

పెద్ద గంజు. కొత్త బియ్యం. పప్పుచారులో పచ్చిమిరపకాయలు నిలువుగా చీల్చి వేశాను, ముత్తవ్వకు అట్లా ఇష్టం. అన్నం ఉడికాక ఎవరినీ పిలవలేదు. మసిగుడ్డలు రెండు చేతులకూ చుట్టుకున్నాను. మోకాళ్లు వంచాను. దించాను. గంజి వంచాను. ఒక్క మెతుకు పోలేదు.

గోడకు ఆనుకుని కాసేపు కూర్చున్నాను. ప్రణీత చూసి, "శబాష్ అత్తమ్మా" అంది. కళ్లలో నీళ్లు పెట్టుకుంది.

ఆయన, సుందర్ కలిసి గంజును ట్రాలీలో పెట్టుకుని పొలానికి తీసుకుపోయారు. సాయంత్రానికి ఖాళీ గంజు వచ్చింది. ముత్తవ్వ ఏమందని అడిగితే, "మంచిగుందన్నది" అన్నాడు ఆయన.

నాకు ఈరోజు బాగా ఆకలయింది. రెండుసార్లు తిన్నాను.

23 జనవరి, గురువారం

క్లాసుకు పోలేదు. బర్రెకు బాగాలేదు.

24 జనవరి

నిన్న అంతా రాయలేదు. రాస్తాను.

పొద్దున బర్రె లేవలేదు. ఎడమ డొక్క ఉబ్బిపోయి గుమ్మటంలా ఉంది. నోటి నుంచి చొంగ. సుందర్ పోయి పశువుల డాక్టరును తెచ్చాడు. చిన్నవాడు, కొత్తగా వచ్చాడట. డొక్క మీద వేలితో కొడితే డప్పు మోగినట్టు మోగింది.

"ఏం పెట్టిండ్రు దీనికి?"

"ఏమున్నది, గడ్డి, తవుడు. రోజు పెట్టేదే" అన్నాడు ఆయన.

"తవుడుకు గిట్ల ఉబ్బదు పటేలా. అన్నం పెట్టిండ్రా?"

ఆయన సుందర్ వైపు చూశాడు. నేను బకెట్ పట్టుకుని గుంజ దగ్గర నిలబడ్డాను.

"జల్ది చెప్పుండ్రి. నాకేం పోతది, మీ బర్రెనే సస్తది."

మా అత్త చెప్పింది. "అన్నమే సారూ. రోజు ఇంత పోస్తరు. నిన్న ఎక్కువైంది. తొట్టిల కుమ్మరించి మూత పెట్టలేదు. రాత్రి పగ్గం తెంపుకొని అంత తిన్నది."

"రోజా?" డాక్టరు నవ్వాడు. "రోజు అన్నమేందవ్వా? ఫంక్షన్ హాలు పెట్టిండ్రా ఏంది?"

ఆయన నవ్వలేదు. సుందర్ నవ్వలేదు. ప్రణీత పాపను ఎత్తుకుని వాకిట్లోకి పోయింది.

నేను తొట్టి దగ్గరికి పోయి చూశాను. అడుగున తెల్లగా మెతుకులు. వాటిలో పచ్చిమిరపకాయ, నిలువుగా చీల్చింది.

డాక్టరు నూనె, సోడా కలిపి వెదురు గొట్టంతో తాగించాడు. డొక్క పిసికించాడు. బర్రె పెద్దగా తేన్చింది. అందరూ హమ్మయ్య అన్నారు. "ఇగ అన్నం బందు. పిడికెడు గూడ పెట్టకుండ్రి" అని చెప్పి పోయాడు.

వాళ్లు డాక్టరును సాగనంపుతుంటే నేను మెట్లు ఎక్కాను. ఎక్కడా ఆగలేదు. తల తిరగలేదు.

మేడమీద గదిలో స్టవ్ మీద గంజు. దానిలో అన్నం, ఇంకా పొగ వస్తోంది. పక్కన టమాట కూర. గోడవారగా కంచాలు బోర్లించి ఉన్నాయి, ఇంట్లో అందరివీ. నా కంచం ఒక్కటే లేదు. అది కింద వంటగదిలో ఉంది. కిటికీలో సుందర్ బాక్సు. నేను కట్టే బాక్సు లాంటిదే, అదే రంగు. రెండోది కొన్నట్టున్నారు.

పై మెట్టు మీద కూర్చున్నాను. అక్కడి నుంచి కెనాల్ కట్ట కనిపిస్తుంది. నేను రోజూ నడిచే దారి అంతా కనిపిస్తుంది. నేను ఎప్పుడు మలుపు తిరిగి ఇంటి వైపు వస్తున్నానో బాగా తెలుస్తుంది.

25 జనవరి

ఈ రాత్రి ఎవరికీ వండలేదు. మాటలు ఆయనే మొదలుపెట్టాడు. "పోనీ, బర్రె బతికింది. అదే సాలు."

"ఏం తిని ఉబ్బింది?" అన్నాను.

"గిప్పుడు అదంత ఎందుకు మణీ."

"ముత్తవ్వోళ్లు ఏం తిన్నరు?"

"హోటల్ కెల్లి తెప్పిచ్చిన." తల దించుకునే చెప్పాడు.

మా అత్త మంచం మీద లేచి కూర్చుంది. "వాన్నేమడుగుతవ్, నన్నడుగు. నేనే చెప్పిన. మా అన్నకు గొంతుల గిదే రోగం. మా వదినె ఆయన ఎంగిలి కూడ తినుకుంట చాకిరి చేసింది. ఆయన పోయినంక రెండేండ్లకు ఆమె పోయింది, గదే రోగం. నేను కండ్లార చూసిన. నీ మేడం చూసిందా?"

అత్త మీద నాకు కోపం రాలేదు. ఆమె మొదటి నుంచీ ఎదురుగానే అంది. ప్రణీతను చూశాను.

"అంటుకోదని నాకు ఎరుకే అత్తమ్మా" అంది. "కానీ నీ గంజుల అన్నం పాప ముంగట పెట్టంగనే చెయ్యి ఎనుకకే వస్తది. ఏం చెయ్యాలె నేను?"

"అందరి ముంగట లేసి చెప్పినవ్ కదా."

"మేడం అడిగింది. తెలిసింది చెప్పిన."

"తింటం, వండు అన్నవ్."

"నువ్వు మళ్ల మనుషులల్ల పడ్తవని అన్న. వండబట్టినంక ముఖం మంచిగైంది నీది. ఎట్ల చెప్పాలె ఇగ?"

సుందర్ "నీకు బాధైతదనే అమ్మా" అన్నాడు.

"బాక్సు కడిగి తెచ్చినవ్ కదరా రోజు."

వాడు గోడ వైపు చూశాడు. ఆ గోడ మీద నా గీతలున్నాయి.

అప్పుడు అన్నాను. "నేను వండింది బర్రెకు పోసిండ్రు. ఆ బర్రె పాలే పాపకు పోసిండ్రు. మరి గప్పుడు అంటుకోలేదా?"

ప్రణీత పాపను దగ్గరికి పొదుముకుంది. మాటకు మాట అన్నాను, అంతే. అది విన్నాక వాళ్లకే తెలుస్తుందనుకున్నాను, ఎంత పిచ్చి పని చేశారో.

చివరికి ఆయన, "రేపటికెల్లి నీ గంజులనే తింటం. అందరం. నా మీద ఒట్టు" అన్నాడు.

26 జనవరి, ఆదివారం

వండాను. అందరూ కింద కూర్చున్నారు. మా అత్త మాత్రం ఉపవాసం అంది.

సుందర్ మాత్రలు వేసుకున్నట్టు గబగబా తిన్నాడు. ఆయన ఒక్కో ముద్ద చాలాసేపు నమిలాడు.

"ఏందే, గట్ల చూస్తవ్?"

"ఏం లేదు, తిను."

నేను గొంతు చూస్తున్నాను. ముద్ద దిగిందా లేదా అని. ముప్పై ఏళ్లుగా ఆ మనిషికి వడ్డిస్తున్నాను, ఏనాడూ గొంతు చూడలేదు.

పాప నిద్రపోయిందన్నారు. పైనుంచి దాని నవ్వు వినిపించింది.

27 జనవరి

తిన్నారు.

28 జనవరి

మెట్ల కింద చెత్త బుట్టలో పాల ప్యాకెట్ కవర్. ఎల్లారెడ్డి నుంచి సుందర్ తెస్తున్నాడట, మొన్నటి నుంచి. మా ఇంట్లో ప్యాకెట్ పాలు నేను కాపురానికి వచ్చాక చూడలేదు.

ఆయనను అడిగాను. "పాపకు బర్రె పాలు పడ్తలేవట. డాక్టర్ చెప్పిండట" అన్నాడు.

"ఏ డాక్టర్?"

చెప్పులు వేసుకుని బయటికి పోయాడు.

బర్రె పాలు ఏం చేస్తున్నారని మా అత్తను అడిగితే, "పాల కేంద్రంల పోస్తున్నం" అంది. అక్కడ ఎవరి పిల్లలు తాగుతారో.

ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది. వాళ్లకు అప్పటిదాకా ఆ ఆలోచన లేదు. నేనే ఇచ్చాను.

29 జనవరి

పొద్దున పెద్ద గంజును చింతపండు వేసి తోమాను. ఎండలో బోర్లించి ఆరబెట్టాను. వంటగదిలో అటక ఉంది, నా నెత్తి కంటే చాలా పైన. ఎప్పుడైనా అటక మీదికి ఏదైనా ఎక్కించాలంటే ఆయన్నే పిలిచేదాన్ని.

మోకాళ్లు వంచాను. గంజును ఒంటికి దగ్గరగా పట్టుకున్నాను. ఊపిరి వదులుతూ లేచాను. రెండు చేతులూ నిటారుగా పైకి పోయాయి. ఎడమ చెయ్యి ఎక్కడా ఆగలేదు. గంజును అటక మీద లోపలిదాకా నెట్టాను.

ప్రణీత గడప దగ్గర నిలబడి చూసింది. "అత్తమ్మా" అంది.

"పైననే వండు ఇగ. దాసుకుంట వండకు" అన్నాను.

నాకు ఒక్కదానికి చిన్న గిన్నె చాలు. గుడ్డు ఉడికించుకున్నాను. పెసరపప్పు వండుకున్నాను. తినాలని లేదు, తిన్నాను. మేడం నోటులో అన్నీ రాశాను. ఇంకో గీత గీయాల్సిన పని లేదు.

మధ్యాహ్నం బీరువాలో చీరల కింద మరియ ఇచ్చిన గరిజెల పొట్లం కనిపించింది. నూనె మరకలు చీరకు కూడా పట్టాయి. బూజు వచ్చింది. దానిని కుక్కకు కూడా వేయలేకపోయాను.

30 జనవరి, గురువారం

సుందర్ బాక్సులో అన్నం, గుడ్డు పులుసు కట్టుకుని పోయాను. వాడికి ఎట్లాగూ రెండోది ఉంది.

బస్సులో మరియకు కిటికీ పక్కన సీటు దొరికింది. నన్ను కూడా ఇరికించుకుంది. తాడ్వాయి దాటాక చెప్పాను. గంజు, మెట్లు, బర్రె, ప్యాకెట్ పాలు. ఆమె వింటూ కిటికీ బయటికి చూసింది. అయ్యో అనలేదు. అనుకున్నాను, అంటుందని.

"బర్రె మంచిగున్నదా ఇప్పుడు?" అంది.

"ఉన్నది."

"బర్రెకైతే డాక్టరొచ్చిండు" అంది. "నేను బస్టాండ్ల కుక్కకు భయపడ్తున్న అక్కా. ఇన్ని పల్లీలు తిని ఎన్నడన్న ఉబ్బుతదేమో అని."

నాకు చెవులు కాలిపోయాయి. బస్సులో అందరూ విన్నారనిపించింది. ఎవరూ వినలేదు.

"ఎప్పటి సంది ఎరుక నీకు?" అన్నాను.

"మొదటి దినం కెల్లి. బాత్రూమ్‌కు పోయి వస్తుంటె చూసిన."

"మరెందుకు తెచ్చినవ్? గరిజెలు గూడ తెచ్చినవ్."

మరియ నా దిక్కు తిరిగింది. "నువ్వెందుకు వండినవ్ గిన్నొద్దులు?" అంది.

నాకు తెలియక వండాను. తెలిసి ఉంటే వండేదాన్ని కాదు. ఆమె తెలిసీ చేసి తెచ్చింది. ఆ మాట అనలేకపోయాను.

క్లాసులో భాగ్యశ్రీ మేడం నా చెయ్యి పైకి ఎత్తించి అందరికీ చూపించింది. "గంజు దించారా?" అని అడిగింది. దించానన్నాను. చప్పట్లు కొట్టారు. ఇంట్లోవాళ్లు ఏమన్నారని అడిగితే, బాగుందన్నారని చెప్పాను.

తర్వాత దవాఖాన ముందు వేపచెట్టు కింద కూర్చున్నాం. నా బాక్సు ఇద్దరి మధ్య పెట్టాను. మరియ సంచి తీయలేదు. నేను చెయ్యి చాపాను.

"ఈయాల్ల తేలేదా?" అన్నాను.

"తెచ్చిన. కుక్కకని."

"నాకియ్యి."

"నీ కడుపు బాగుంటలేదు కద అక్కా."

చెయ్యి చాపే ఉంచాను. ఎడమ చెయ్యి. చాలాసేపు ఉంచితే ఇంకా లాగుతుంది. చివరికి ఆమె సంచిలో చెయ్యి పెట్టి ఒక లడ్డూ తీసి నా అరచేతిలో పెట్టింది. కొంగు దగ్గరికి చెయ్యి అలవాటుగా పోబోయింది. మరియ అది కూడా చూసింది.

అక్కడే కొరికాను. బెల్లం కొంచెం మాడింది. నోరు ఎండిపోయి ఉంది, పల్లీలు అంగిలికి అతుక్కున్నాయి. నమిలాను. మరియ నా ముఖం చూడటం లేదు. గొంతు చూస్తోంది. మింగేదాకా కళ్లు తిప్పలేదు.

ఆ చూపు నాకు తెలుసు.

ఇంకో ముక్క కొరికి అది కూడా మింగాను. అప్పుడు మరియ చీర చెంగుతో చెయ్యి తుడుచుకుని, నా బాక్సు తన దిక్కు జరుపుకుంది.